ఫ్యాక్టరీ ప్యాసేజ్ వస్తే జవాబులు పట్టడం ఎలా: ఎకానమీస్ ఆఫ్ స్కేల్ కాంప్రహెన్షన్

"ప్యాసేజ్ అంతా అర్థమైంది సార్, అయినా ఐదింట్లో రెండే కరెక్ట్." ఈ మాట వినని వారం ఉండదు. అడిగేవాళ్లలో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు, సివిల్స్‌లో సీశాట్ పేపర్‌తో కుస్తీ పడేవాళ్లు, క్యాట్ రాసేవాళ్లు అందరూ ఉంటారు. పులుల మీదో పురాతన గుడుల మీదో ప్యాసేజ్ వస్తే చక్కగా చేస్తారు. ఫ్యాక్టరీలు, ఉత్పత్తి, ఖర్చులు అనేసరికి బోల్తా కొడతారు.

ఇంగ్లిష్ రాకపోవడం వల్ల అనుకుంటారు గానీ, నేను చూసినంతలో అది సగం కారణం కూడా కాదు. "ఎక్కువ చేస్తే చవకగా పడుతుంది" అన్న సంగతి మనకు ముందే తెలుసు, ఎకానమీస్ ఆఫ్ స్కేల్ అంటే అదే. ఆ తెలిసిన దాంతోనే జవాబు పెట్టేస్తాం. ప్రశ్న తయారుచేసినాయనకు మనం అలా చేస్తామని తెలుసు కాబట్టి, సరిగ్గా అక్కడే ఒక తప్పు ఆప్షన్ పెట్టి కూర్చుంటాడు. ఆ ఉచ్చులో పడకుండా ఉండటానికి ప్రతి వాక్యాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి. ఇది మొత్తమా, ఒక్కోదానికా? ఇది ఖర్చా, ధరా? కింద ఉన్న మెట్లన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

కావాల్సినవి

- పెన్సిల్, రఫ్ కాగితం. పరీక్ష కంప్యూటర్ మీదే అయినా రఫ్ కాగితం అలవాటు చేసుకోండి, స్క్రీన్ మీద గీతలు గీయలేం.
- టైమర్. ఫోన్‌లో పెట్టుకుంటే నోటిఫికేషన్లు ఆపేయండి.
- తప్పులు రాసుకోవడానికి ఒక నోటుబుక్. ఇది లేకుండా వంద ప్యాసేజ్‌లు చేసినా ఫలితం ఉండదు.
- కింద నేనిచ్చిన ప్యాసేజ్. తెలుగులోనే ఇచ్చాను. భాష బరువు లేకుండా ముందు పద్ధతి పట్టుబడాలి. తర్వాత ఇవే మెట్లతో ఇంగ్లిష్ ప్యాసేజ్‌కు వెళ్లండి.

డిక్షనరీ వద్దు. కనీసం మొదటి విడత అయ్యేదాకా వద్దు.

ముందు కాస్త పచ్చడి లెక్క

థియరీ ఇంతకు మించి అక్కర్లేదు. ఒకావిడ ఆవకాయ పెట్టి అమ్ముతోందనుకుందాం. షెడ్డు అద్దె, యంత్రం వాయిదా, ఒక మనిషి జీతం కలిపి నెలకు 60,000 రూపాయలు. పచ్చడి పెట్టినా పెట్టకపోయినా ఈ ఖర్చు తప్పదు. కాయ, కారం, ఆవపిండి, నూనె, సీసా కలిపి కిలోకు 150.

500 కిలోలు పెడితే మొత్తం ఖర్చు 1,35,000. కిలోకు 270 పడింది. 2,000 కిలోలు పెడితే మొత్తం 3,60,000, కిలోకు 180. మొత్తం ఖర్చు పెరిగింది, కిలో ఖర్చు తగ్గింది. ఈ రెండూ ఒకేసారి జరుగుతాయన్నది మనసులో నాటుకోవాలి. పైగా ఇప్పుడు మిరపకాయ గుంటూరు యార్డులో టిక్కీల (బస్తాల) లెక్కన కొనగలదు కాబట్టి కిలోకు ఇంకో పది తగ్గి 170కి వచ్చిందనుకోండి. ఇది రెండో రకం లాభం, పెద్ద మొత్తంలో కొనడం వల్ల వచ్చింది.

ఆశపడి 5,000 కిలోలకు వెళ్లింది. రెండో షెడ్డు, ఇంకో యంత్రం, లెక్కలు చూడటానికి ఒక మనిషి. నెలవారీ ఖర్చు 2,00,000 అయింది. పని మీద కన్ను తగ్గి కొన్ని సీసాలు బూజు పట్టాయి. కారం చవకగా కొన్నది కాస్తా అందులో పోయి, కిలో సరుకుకు మళ్లీ 150 పడింది. మొత్తం 9,50,000, కిలోకు 190. పెద్దదైతే చవక అన్నది ఒక హద్దు వరకే. హద్దు దాటాక ఖర్చు మళ్లీ ఎక్కడాన్ని ఇంగ్లిష్‌లో డిస్‌ఎకానమీస్ అంటారు. ఇంటర్ తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇవన్నీ 'ఆదాలు' అన్న పేరుతో గుర్తుండొచ్చు.

కామర్స్ చదివినవాళ్లకు ఒక మాట. ఉన్న షెడ్డునే పూర్తిగా వాడుకోవడం వేరు, షెడ్డునే పెద్దది చేయడం వేరు అని మీ లెక్చరర్ చెప్పి ఉంటారు. ఆయన చెప్పింది నిజం. కానీ చాలా ప్యాసేజ్‌లు ఈ రెండింటినీ కలిపే రాస్తాయి. పరీక్షలో ప్యాసేజ్ ఏ అర్థంలో వాడితే అదే మనకూ అర్థం. అక్కడ వాదనకు దిగితే మార్కు పోతుంది.

ప్యాసేజ్

(1) ఫోర్డ్ కంపెనీ మోడల్ టీ కారును 1908లో మార్కెట్లోకి తెచ్చింది. రెండు సీట్ల రకం ధర 1909లో 825 డాలర్లు. 1925 నాటికి అదే రకం 260 డాలర్లకు దొరికేది. ఈ తగ్గుదలకు కారణం ఒక్కటి కాదు. ఒకే మోడల్‌ను ఏళ్ల తరబడి చేయడం, ఒక్కో భాగానికి ఒక్కో ప్రత్యేక యంత్రం పెట్టడం, పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టడం కలిసి పనిచేశాయి. ఆ యంత్రాలు ఖరీదైనవే. కానీ వాటి ఖర్చు లక్షల కార్ల మీద పరుచుకునేసరికి ఒక్కో కారు మీద పడే భారం స్వల్పమైంది.

(2) 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది. అంతకుముందు ఒక ఛాసిస్ బిగించడానికి సుమారు పన్నెండున్నర గంటల శ్రమ పట్టేది. కొద్ది నెలల్లో అది 93 నిమిషాలకు దిగింది. అయితే రోజంతా ఒకే పని చేయలేక విసుగెత్తి కార్మికులు పెద్ద సంఖ్యలో మానేశారు. వచ్చిన ప్రతి కొత్త మనిషికీ పని నేర్పడం కంపెనీకి భారమైంది. 1914 జనవరిలో ఫోర్డ్ రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. మానేసేవాళ్లు తగ్గారు. ఆ తర్వాతి రెండేళ్లలోనూ కారు ధర తగ్గుతూనే వచ్చింది.

(3) ఏ ఏర్పాటు ఖర్చు తగ్గించిందో 1920లలో అదే కంపెనీ కాళ్లకు బంధమైంది. కొనేవాళ్లు రంగులు, కొత్త రూపాలు కోరుతుంటే జనరల్ మోటార్స్ రకరకాల ధరల్లో రకరకాల మోడళ్లు తెచ్చింది. ఫోర్డ్ యంత్రాలు మాత్రం మోడల్ టీ కోసమే చేసినవి. కోటిన్నర కార్లు చేశాక 1927లో మోడల్ టీ ఆగింది. తర్వాతి మోడల్‌కు యంత్రాలు మార్చుకోవడానికి ఫ్యాక్టరీలు నెలల తరబడి మూతపడ్డాయి.

ప్రశ్నలు

ప్రశ్న 1. ప్యాసేజ్ ప్రధాన భావం ఏది?
ఎ) ఎంత పెద్ద ఎత్తున ఉత్పత్తి చేస్తే అంత లాభం.
బి) కదిలే లైన్ వల్ల ఛాసిస్ బిగింపు సమయం బాగా తగ్గింది.
సి) ఒకే వస్తువును భారీగా చేయడానికి కట్టుకున్న ఏర్పాటు ఖర్చు తగ్గించింది, తర్వాత మార్పుకు అదే అడ్డమైంది.
డి) జనరల్ మోటార్స్ ఫోర్డ్ కంటే చవకగా కార్లు చేసింది.

ప్రశ్న 2. 93 నిమిషాలు దేనికి సంబంధించినవి?
ఎ) ఒక కారు మొత్తం తయారీకి.
బి) ఒక ఛాసిస్ బిగింపుకు.
సి) ఒక కార్మికుడి షిఫ్టుకు.
డి) కొత్త మనిషికి పని నేర్పడానికి.

ప్రశ్న 3. మిగతావి మారకుండా, చేసే కార్ల సంఖ్య సగానికి పడిపోతే ఏం జరుగుతుందని ప్యాసేజ్ నుంచి ఊహించవచ్చు?
ఎ) మొత్తం ఖర్చు సరిగ్గా సగమవుతుంది.
బి) ఒక్కో కారుకు పట్టే ఉక్కు పెరుగుతుంది.
సి) కారు ధర రెట్టింపవుతుంది.
డి) ఒక్కో కారు మీద పడే యంత్రాల ఖర్చు పెరుగుతుంది.

ప్రశ్న 4. కూలి పెంపు గురించి ప్యాసేజ్‌ను బట్టి ఏది చెప్పవచ్చు?
ఎ) కూలి పెరిగినా వస్తువు ధర తగ్గడం సాధ్యమే.
బి) కూలి పెంచడం వల్లే కారు ధర తగ్గింది.
సి) కూలి పెంచాక కంపెనీ లాభం రెట్టింపైంది.
డి) కూలి పెంచాక పనిలో విసుగు పోయింది.

ప్రశ్న 5. కిందివాటిలో ఏది నిజమైతే మూడో పేరాలోని వాదన బలహీనపడుతుంది?
ఎ) జనరల్ మోటార్స్ కార్లు మోడల్ టీ కంటే ఖరీదైనవి.
బి) యంత్రాలు మార్చడానికి కొద్ది రోజులే చాలు, మూత అన్ని నెలలు సాగింది కొత్త కారు డిజైన్ పూర్తికాకే.
సి) మోడల్ టీ గట్టితనాన్ని కొన్నవాళ్లు మెచ్చుకున్నారు.
డి) కొత్త మోడల్ తెచ్చేటప్పుడు మిగతా కంపెనీలూ కొన్ని యంత్రాలు మార్చుకునేవి.

కిందికి వెళ్లే ముందు మీరే ఒకసారి చేయండి. ఎనిమిది నిమిషాలు. జవాబులు కాగితం మీద రాసి పెట్టుకోండి.

మెట్టు 1: ప్రశ్నల మొదటి లైన్లే చూడండి

ఆప్షన్లు చదవకండి. "93 నిమిషాలు", "సగానికి పడిపోతే", "కూలి పెంపు", "మూడో పేరా" ఈ నాలుగు మాటలు బుర్రలో పడితే చాలు. అరనిమిషం పని. ఆప్షన్లు కూడా చదివితే ప్రమాదం. పదిహేను తప్పు వాక్యాలు ముందే తలలో చేరి, ప్యాసేజ్ చదివేటప్పుడు అవే కనిపిస్తాయి.

ప్రశ్నలు ముందు చూస్తే టెన్షన్ పెరిగేవాళ్లు కొందరుంటారు. అలాంటివాళ్లు ఈ మెట్టు వదిలేసి నేరుగా చదవండి, నష్టం లేదు.

మెట్టు 2: ఒక్కసారి ఆగకుండా చదివి, పేరాకు మూడు మాటలు రాయండి

తెలియని పదం వస్తే దాటేయండి. ఛాసిస్ అంటే ఏంటో తెలియకపోయినా ఇక్కడి ప్రశ్నలన్నీ చేయొచ్చు. ప్రతి పేరా అవగానే రఫ్ కాగితం మీద మూడు మాటలు రాయండి. ఈ ప్యాసేజ్‌కు నేనైతే ఇలా రాస్తాను: ఒకటి, "యంత్రాలు, భారం పంచుకుంది". రెండు, "లైన్, విసుగు, కూలి". మూడు, "అదే అడ్డమైంది". ఇంతే. పూర్తి వాక్యాలు రాస్తూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది.

మెట్టు 3: ప్రతి అంకెకూ ముద్ర వేయండి

ఫ్యాక్టరీ ప్యాసేజ్‌లకు ప్రత్యేకమైన మెట్టు ఇదే. ప్యాసేజ్‌లో కనిపించే ప్రతి అంకె, పెరిగింది తగ్గింది అనే ప్రతి మాట పక్కన రెండు గుర్తులు: 'మొ' లేదా 'ఒ' (మొత్తమా, ఒక్కోదానికా), 'ఖ' లేదా 'ధ' (ఖర్చా, ధరా). శ్రమ, సమయం లాంటివైతే ఆ మాటే రాయండి.

825, 260 డాలర్లు: ఒ, ధ. "యంత్రాలు ఖరీదైనవే": మొ, ఖ. "ఒక్కో కారు మీద పడే భారం": ఒ, ఖ. 93 నిమిషాలు: ఒక ఛాసిస్, శ్రమ. 5 డాలర్లు: ఒక మనిషికి, ఒక రోజుకు. కోటిన్నర: మొత్తం, అదీ 1908 నుంచి 1927 దాకా అన్నేళ్లూ కలిపి.

ఇప్పుడొక సంగతి గమనించారా? మొదటి పేరాలో ధర తగ్గిందనీ ఉంది, ఒక్కో కారు మీద యంత్రాల భారం తగ్గిందనీ ఉంది. రెండో పేరా చివర మాత్రం ధర మాటే ఉంది, ఖర్చు మాట లేదు. ముద్రలు వేస్తేనే ఇలాంటివి కంటపడతాయి.

ఇంగ్లిష్ ప్యాసేజ్‌లో పర్ యూనిట్, యావరేజ్, ఈచ్ కనబడితే 'ఒ'. టోటల్, ఓవరాల్, అవుట్‌లే కనబడితే 'మొ'. స్ప్రెడ్ ఓవర్ అన్న మాట వస్తే అక్కడ మొత్తం ఖర్చు ఒక్కోదాని లెక్కలోకి మారుతోందని గుర్తు. మార్జినల్ అంటే ఇంకొక్కటి అదనంగా చేయడానికి అయ్యే ఖర్చు. దాన్ని సగటుతో కలపొద్దు.

మెట్టు 4: మలుపు ఎక్కడుందో పట్టండి

అయితే, కానీ, మాత్రం. ఇంగ్లిష్‌లో హౌఎవర్, యెట్, అప్ టు ఎ పాయింట్. ఈ రకం ప్యాసేజ్ పెద్దతనం గొప్పలు చెప్పుకుంటూ వచ్చి, ఎక్కడో ఒకచోట తిరగబడటం మామూలే. మన ప్యాసేజ్‌లో చిన్న మలుపు రెండో పేరాలో 'అయితే' దగ్గర ఉంది. అసలు మలుపు మూడో పేరా మొదటి వాక్యం, అక్కడ 'కానీ' అన్న మాటే లేదు చూడండి. అందుకే పదాల కోసమే వెతికితే దొరకదు. రచయిత పొగడ్త నుంచి ఫిర్యాదుకు మారిన చోటు వెతకండి.

మెట్టు 5: ప్రశ్న రకాన్ని బట్టి జవాబు పట్టండి

*ప్రధాన భావం (ప్రశ్న 1).* మెట్టు 2లో రాసిన మూడు ముక్కలూ కలిపే ఆప్షనే జవాబు. బి నిజమే, ప్యాసేజ్‌లో ఉన్నదే, కానీ రెండో పేరా ఒక్కదానిదే. నిజం కావడం వేరు, ప్రధానం కావడం వేరు. ఎ మనకు ముందే తెలిసిన సామెతలాంటిది, మూడో పేరా దాన్ని ఒప్పుకోదు. డి ఎక్కడా లేదు. జవాబు సి.

*వివరం (ప్రశ్న 2).* వెనక్కి వెళ్లి ఆ లైన్ మళ్లీ చదవండి, గుర్తున్నదాన్ని నమ్మకండి. జవాబు బి. చాలామంది ఎ పెడతారు, "గంటన్నరలో కారు" అని ఎక్కడో విన్న జ్ఞాపకంతో. ఇదే వివరం మీద లెక్క కూడా అడగొచ్చు: శ్రమ ఎన్నో వంతుకు తగ్గింది? పన్నెండున్నర గంటలు అంటే 750 నిమిషాలు, దాన్ని 93తో భాగిస్తే సుమారు 8. ఎనిమిదో వంతు. "ఎనిమిది శాతం తగ్గింది" అన్న ఆప్షన్ ఇస్తే జాగ్రత్త, తగ్గింది దాదాపు 88 శాతం.

*ఊహ (ప్రశ్న 3).* ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుదాం. ఇన్ఫరెన్స్ అంటే మనకు తోచింది ఊహించడం కాదు. ప్యాసేజ్‌లో ఉన్న వాక్యం నుంచి ఒక్క అడుగు వేయడం. రెండడుగులు వేస్తే తప్పు.

ప్యాసేజ్ చెప్పింది: ఖరీదైన యంత్రాల ఖర్చు ఎక్కువ కార్ల మీద పరుచుకుంటే ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది. ఒక్క అడుగు వేస్తే: తక్కువ కార్ల మీద పరుచుకుంటే ఒక్కోదాని మీద భారం పెరుగుతుంది. అదే డి. ఎ ఎందుకు కాదు? కార్లు సగమైనా యంత్రాల ఖర్చు సగం కాదు. పచ్చడి లెక్కకు వెళ్లండి. 2,000 కిలోల నుంచి 1,000కి తగ్గిస్తే మొత్తం 3,60,000 నుంచి 2,10,000 అవుతుంది, సగమైన 1,80,000 కాదు. బి కుదరదు, ఉక్కు ఒక్కో కారుకు అంతే పడుతుంది. సి మహా ఆకర్షణగా ఉంటుంది. కానీ భారం పెరగడం ఖర్చు విషయం, రెట్టింపు ధర అన్నది కంపెనీ తీసుకునే నిర్ణయం. ఖర్చు నుంచి ధరకు, అక్కడి నుంచి 'రెట్టింపు'కు, అవి రెండడుగులు.

*కారణం (ప్రశ్న 4).* కూలి పెరిగింది, తర్వాత ధర తగ్గింది. వరసగా రాసినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణమని ప్యాసేజ్ అనలేదు. 'వల్లే' అన్న మాటలో ఉన్న ఆ 'ఏ' చూడండి, మొత్తం బరువంతా దాని మీదే ఉంది. ధర తగ్గడానికి కారణం ఒక్కటి కాదని మొదటి పేరాలోనే ఉంది కూడా. సి లాభం గురించి, ఆ మాటే ప్యాసేజ్‌లో లేదు. డి చూడండి: మానేసేవాళ్లు తగ్గారంటే విసుగు పోయిందని కాదు, ఐదు డాలర్ల కోసం విసుగును భరించి ఉండొచ్చు. జవాబు ఎ. 'సాధ్యమే', 'ఉండొచ్చు' లాంటి మెత్తని మాటలున్న ఆప్షన్ చప్పగా కనిపిస్తుంది, ఊహ ప్రశ్నల్లో తరచూ అదే గెలుస్తుంది. అలాగని మెత్తని మాట కనబడగానే పెట్టేయకండి, పేపర్ సెట్ చేసేవాళ్లకూ ఈ చిట్కా తెలుసు.

*బలహీనపరచడం (ప్రశ్న 5).* ముందు వాదనను ఒక గొలుసులా రాయండి: ప్రత్యేక యంత్రాలు, కాబట్టి మార్చడం కష్టం, కాబట్టి నెలల మూత. ఈ గొలుసులో ఒక లింకును తెంపే ఆప్షన్ కావాలి. మూతకు అసలు కారణం యంత్రాలు కాదని బి చెబుతోంది, లింకు తెగింది. ఎ ధర గురించి, గొలుసుకు సంబంధం లేదు. సి కొనేవాళ్ల మెప్పు. డి కాస్త తికమక పెడుతుంది. మిగతావాళ్లూ మార్చుకున్నారంటే ఫోర్డ్‌కు కష్టం కాలేదని అర్థం కాదుగా. ఇలాంటి ప్రశ్నలో ఆప్షన్ నిజమా అబద్ధమా అని చరిత్ర తవ్వకండి. "నిజమైతే" అన్నాడు, నిజమే అనుకుని ముందుకు సాగండి.

మెట్టు 6: రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుంటే

రెండింట్లో తేడా ఉన్న పదం మీద వేలు పెట్టండి. ఆ పదానికి ప్యాసేజ్‌లో ఏ లైన్ ఆధారం? చూపించలేకపోతే అది తప్పు ఆప్షన్. రెండింటికీ చూపించలేకపోతే, సీశాట్‌లాంటి పరీక్షలో లెక్క వేసుకోండి: ప్రశ్నకు రెండున్నర మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. నాలుగింట్లో రెండు కచ్చితంగా కొట్టేసి ఉంటే మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం లాభమే. ఒక్కటీ కొట్టేయలేని ప్రశ్న వదిలేయండి. మీ పరీక్షలో కోత ఎంతో నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే ఈ లెక్క వేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

సామర్థ్యాన్నీ ఉత్పత్తినీ ఒకటే అనుకోవడం. పెద్ద ఫ్యాక్టరీ కట్టినంత మాత్రాన ఖర్చు తగ్గదు, అది నిండుగా నడవాలి. టాటా నానో గుర్తుందా? గుజరాత్‌లోని సనంద్ ప్లాంటును ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేసేలా కట్టారు. అమ్మకాలు ఏ ఏడాదీ లక్షను చేరలేదు. కెపాసిటీ అన్న మాట వచ్చిన చోట "ఇది చేయగలిగిందా, చేసిందా?" అని అడగండి.

అనుభవం వల్ల వచ్చిన తగ్గుదలను పెద్దతనం ఖాతాలో వేయడం. విమానాల తయారీలో, అప్పటిదాకా చేసిన మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఒక లెక్క ప్రకారం తగ్గుతుందని రైట్ అనే ఇంజినీరు 1936లో రాశారు. అది చేయి తిరగడం, లెర్నింగ్ కర్వ్. నెలకు పది చేసే చిన్న కార్ఖానాకూ ఏళ్లు గడిస్తే అది వస్తుంది. ప్యాసేజ్‌లో "ఇప్పటిదాకా మొత్తం" అని ఉంటే అనుభవం, "ఏడాదికి ఇన్ని" అని ఉంటే పెద్దతనం. ఈ రెంటి మధ్య తేడా మీద ప్రశ్న రాకపోతే నాకు ఆశ్చర్యం.

ఒక కంపెనీ పెద్దదవడాన్నీ, ఒక ఊరిలో పరిశ్రమ పెద్దదవడాన్నీ కలపడం. రెండోది బహిర్గత ఆదా. పనివాళ్లు, ముడిసరుకు, మరమ్మతు చేసేవాళ్లు అందరూ ఒకేచోట దొరకడం వల్ల చిన్న కంపెనీకి కూడా ఖర్చు తగ్గుతుంది. తిరుప్పూర్ బనియన్లు అలాంటివే. హైదరాబాద్ మందుల పరిశ్రమ కూడా అంతే. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి బయటికొచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. పని తెలిసిన మనుషులు చుట్టుపక్కలే దొరకడం ఒక్క కంపెనీ లోపల పుట్టే ఆదా కాదు.

అన్నీ సరిసమానంగా పెరుగుతాయనుకోవడం. సిమెంటు, రసాయనాల ప్యాసేజ్‌లలో ఇది వస్తుంది. ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేస్తే పట్టే రేకు నాలుగింతలే, పట్టే సరుకు ఎనిమిదింతలు. ఈ లెక్క తెలిస్తే సగం ప్యాసేజ్ అర్థమైనట్టే.

ఇంకొకటి, నా సొంత తప్పు. పరీక్షలు రాసే రోజుల్లో చిన్న పరిశ్రమల మీద ఒక ప్యాసేజ్ వచ్చింది. మా నాన్నది చిన్న రైసు మిల్లు. రచయిత చిన్న పరిశ్రమలకు ఇచ్చే రక్షణను సున్నితంగా విమర్శిస్తుంటే, నాకది మెచ్చుకోలుగానే వినిపించింది. రచయిత ధోరణి ఏంటని అడిగే టోన్ ప్రశ్న పోయింది, దాంతోపాటు ఇంకో రెండు. రచయితతో మీరు ఏకీభవించాల్సిన పనిలేదు. ఆయనేమన్నాడో చెబితే చాలు.

సరిగా చేశారో లేదో చూసుకోవడం

కీ చూడక ముందు ఒక పని చేయండి. ప్రతి జవాబు పక్కన ప్యాసేజ్‌లో దానికి ఆధారమైన వాక్యం నంబరు రాయండి. ప్రశ్న 3కు మొదటి పేరా చివరి వాక్యం, ప్రశ్న 4కు రెండో పేరా చివరి మూడు వాక్యాలు, ఇలా. నంబరు రాయలేని జవాబు కరెక్టయినా అదృష్టమే, దాన్ని తప్పు కిందే లెక్కేయండి.

తర్వాత కీ చూసి, తప్పుల నోటుబుక్‌లో ఒక్కో తప్పుకూ ఒక్క లైన్ రాయండి. ఏ ప్రశ్న అన్నది అనవసరం, ఏ రకం తప్పు అన్నదే కావాలి: మొత్తం-ఒక్కోది, ఖర్చు-ధర, రెండడుగుల ఊహ, సొంత జ్ఞానం, వరసను కారణం అనుకోవడం, ప్రశ్నలో 'కాదు' చూడకపోవడం. పది ప్యాసేజ్‌లయ్యాక లెక్కపెట్టండి. దాదాపు అందరికీ ఒకటి రెండు రకాలే మళ్లీ మళ్లీ వస్తాయి. అవే మీ జబ్బు, మందు వాటికే వేయండి.

ఇంకో పరీక్ష ఉంది, కాస్త కష్టమే గానీ బాగా పనిచేస్తుంది. ప్యాసేజ్ మూసేసి, ఫ్యాక్టరీ ముఖం చూడని ఇంట్లోవాళ్లకు నాలుగు వాక్యాల్లో చెప్పండి. "అయితే ఎక్కువ చేస్తే డబ్బు తక్కువ ఖర్చవుతుందా?" అని మీ అమ్మగారు అడిగితే, "మొత్తం ఎక్కువే అవుతుందమ్మా, ఒక్కోదానికి తగ్గుతుంది" అని తడుముకోకుండా చెప్పగలిగితే మీకు పట్టుబడినట్టే.

టైమ్ లేనివాళ్లకు

పరీక్ష వారంలో ఉంటే ఆరు మెట్లూ చేయలేరు. మెట్టు 3, మెట్టు 6 మాత్రం వదలకండి. ఇంగ్లిష్ దగ్గరే ఆగిపోతున్నవాళ్లు రోజుకొక పేరా చాలు, ఒక బిజినెస్ పేజీ వార్త తీసుకుని అందులోని అంకెలకు ముద్రలు వేయండి. "కంపెనీ ఖర్చులు పెరిగాయి", "టన్నుకు ఖర్చు తగ్గింది" ఒకే వార్తలో పక్కపక్కనే దొరుకుతాయి. మొదటి వారం ఐదు నిమిషాలు పడుతుంది. రెండో వారానికి పెన్సిల్ లేకుండానే కళ్లు గుర్తుపట్టడం మొదలుపెడతాయి. అప్పుడు ఈ ఫోర్డ్ ప్యాసేజ్‌కే మళ్లీ వచ్చి, జవాబులు గుర్తున్నా సరే, ప్రతి తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో నోటితో చెప్పి చూడండి. పదిహేను తప్పు ఆప్షన్లున్నాయి. పన్నెండింటికి పైగా కారణం చెప్పగలిగితే ఇంగ్లిష్ ప్యాసేజ్‌లకు వెళ్లిపోవచ్చు.